ఐస్‌లాండ్‌లో గంగన్న పాస్‌పోర్టు

బహ్రెయిన్‌లోని రిఫాలో నా టైపింగ్ సెంటర్‌కి వచ్చేవాళ్లు రెండు రకాలు. తమ తప్పుకి నన్ను తిట్టేవాళ్లు ఒక రకం, తమ తప్పుకి నా చేత తిట్లు తినేవాళ్లు ఇంకో రకం. గంగన్న రెండో రకం. పాస్‌పోర్టు విషయంలో ఆయన్ని నేను తిట్టని తిట్టు లేదు. అదే విషయంలో నేను కూడా ఒక తప్పు చేశాను, అదీ రెండుసార్లు. దానికి ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే ఇది రాయాల్సిన పనే ఉండేది కాదు.

నా పేరు అప్పాజీ. మాది అమలాపురం దగ్గర. బహ్రెయిన్ వచ్చి పందొమ్మిదేళ్లయింది. వీసా కాగితాలు, గుర్తింపు కార్డులు, దరఖాస్తులు టైపు చేసిపెట్టడం నా పని. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాయలేని ప్రతివాడికీ నేను పెద్ద మేధావిని. గంగన్నది జగిత్యాల వైపు పల్లె. యాభై రెండేళ్ల మనిషి, పొడుగ్గా, కాస్త ముందుకి వంగి నడుస్తాడు. మొదట మీనా సల్మాన్ రేవులో ఒక గోదాంలో సామాను మోశాడు. ఆ కంపెనీ మూతపడ్డాక, రెండు వేల ఇరవై ఒకటిలో, మా సందు చివరి విల్లాలో తోటపనికి కుదిరాడు. అక్కడుండేది ఐనార్ అనే ఇంజనీరు. అల్యూమినియం కార్ఖానాలో ఉద్యోగం. దేశం ఐస్‌లాండ్.

ఐస్‌లాండ్ అంటే నాకూ అప్పటికి పెద్దగా తెలీదు. ఎక్కడో పైన, భూమికి నడినెత్తి దగ్గర, చేపలూ మంచూ అగ్నిపర్వతాలూ ఉన్న దీవి. దేశం మొత్తం జనాభా నాలుగు లక్షలుండదట. మా కోనసీమ తీర్థాల్లో అంతకంటే ఎక్కువ మంది తప్పిపోతారని ఐనార్‌తో ఒకసారి అన్నాను. ఆయన నవ్వాడు. మంచివాడు. ఆ మంచితనం మీద కూడా నాకు కోపముంది, చెప్తాను.

పనిలో చేరిన రోజున గంగన్న తన పాస్‌పోర్టు రెండు చేతులతో ఐనార్‌కి అందించాడు. ఐనార్ తీసుకోలేదు. ఇది నీది, నీ దగ్గరే ఉండాలి, ఇంకొకరి పాస్‌పోర్టు పెట్టుకోవడం ఇక్కడి చట్టానికి కూడా విరుద్ధం అన్నాడు. గంగన్నకి అది అర్థం కాలేదు. పదేళ్లుగా గల్ఫులో ఉన్నాడు, పాస్‌పోర్టు ఎప్పుడూ కఫీల్ దగ్గరే, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గరే ఉంది. తీసుకోనంటే తనని పనిలో పెట్టుకోనన్నట్టే అనుకున్నాడు. వారం రోజులు వెంటపడ్డాడు. చివరికి నన్ను మధ్యవర్తిగా తీసుకెళ్లాడు. నువ్వు చేసేది తెలివితక్కువ పని అని నేను దారి పొడుగునా చెప్పాను.

"కఫీల్ చేతిల ఉంటేనే మనకు దిక్కున్నట్టు, సారు," అన్నాడు. "నా దగ్గర్నే ఉంటే నేను ఎవ్వని మనిషిని?"

ఐనార్ తల గోక్కుని, సరే అని, తన పాస్‌పోర్టు ఉండే జిప్పు సంచిలోనే గంగన్నది కూడా పడేశాడు. ఆ జిప్పు సంచి ఆయన ఆఫీసు బ్యాగులో ఉండేది. గట్టిగా కాదనలేని ఆ మంచితనం మీదే నా కోపం. గంగన్న ఆ రాత్రి హాయిగా నిద్రపోయానని మర్నాడు వచ్చి చెప్పాడు.

గంగన్న ఇంటికి వెళ్లి అప్పటికే రెండేళ్లు. కరోనా వచ్చింది, కంపెనీ పోయింది, కొత్త పని, కొత్త వీసా. అలా మొత్తం నాలుగేళ్లయింది. భార్య ముత్తెమ్మ బీడీలు చుడుతుంది. ఆవిడ కత్తిరించిన ఆకు వంకరపోతోందని కార్ఖానా వాళ్లు బీడీలు తిప్పి పంపడం మొదలెట్టారు. ఎప్పుడూ లేంది ఇదేమిటని కూతురు కళ కరీంనగర్ తీసుకెళ్లి చూపిస్తే, కళ్లలో నీటికాసులన్నారు. నరం ఎండిపోతోంది, పక్కల చూపు అప్పటికే పోయింది, ఎదురుగా ఉన్నది మాత్రం గొట్టంలోంచి చూసినట్టు కనిపిస్తోంది. ఆ గొట్టం రోజురోజుకీ సన్నబడుతుంది. మందులు వేస్తే కొంచెం ఆగుతుంది, పోయింది మాత్రం రాదు. ఇంకో ఏడాది దాటితే చెప్పలేం అన్నాడట డాక్టరు.

ఇది రెండు వేల ఇరవై మూడు అక్టోబరు మాట. ముత్తెమ్మ అడిగింది ఒకటే. చూపు ఉండగా ఒకసారి వచ్చి ముందర కూచోమంది. ఫోనులో కాదు, ఎదురుగా. ఐనార్‌కి నేనే ఇంగ్లీషులో రాసిపెట్టాను. ఆయన వెంటనే రెండు నెలల సెలవిచ్చి, నవంబరు ఇరవై ఐదుకి టికెట్టు కొన్నాడు. గంగన్న ఆ టికెట్టు కాగితాన్ని నా చేత మూడు కాపీలు తీయించుకున్నాడు.

నవంబరు పదో తారీఖున ఐనార్ వాళ్ల అమ్మగారి ఊరి కింద భూమి చీలింది. ఆ ఊరు సముద్రం ఒడ్డున చేపల రేవు. కింద ఎర్రగా కాగిన రాయి పాకుతోందనీ, ఎక్కడ పైకి తన్నుతుందో తెలియదనీ ఒక్క రాత్రిలో ఊరు ఊరంతా ఖాళీ చేయించారు. ఆవిడకి ఎనభై ఒకటి. ఐనార్ ఒక్కడే కొడుకు. ఆదివారం పొద్దున్న ఆఫీసు బ్యాగు భుజాన వేసుకుని విమానమెక్కేశాడు. వారంలో వస్తానని గంగన్నతో చెప్పాడు. గంగన్న విమానాశ్రయం దాకా వెళ్లి సూట్‌కేసు దింపి, అమ్మను మంచిగ చూసుకో సాబ్ అని హిందీలో చెప్పి వచ్చాడు. బ్యాగులో ఏముందో ఇద్దరికీ గుర్తు లేదు.

అక్కడ ఊరి జనాన్ని ఇళ్లలోకి ఐదేసి నిమిషాలు పంపుతున్నారట, ముఖ్యమైనవి తెచ్చుకోవడానికి. ఐనార్ వెళ్లాడు. ఒక చేతిలో పిల్లి, ఇంకో చేతిలో అమ్మ మందుల డబ్బా, చంకలో తండ్రి ఫొటోలు. పోలీసు బయట కేకేస్తున్నాడు. భుజాన ఉన్న బ్యాగు దించి పెట్టాడు, అది వంటింటి బల్ల మీదే ఉండిపోయింది. ఆ సాయంత్రమే వాళ్ల వీధి కింద పగులు కనబడి, వీధికి కంచె వేశారు.

ఇదంతా ఆయన నాకు మెయిల్లో రాశాడు, క్షమించమని మూడుసార్లు. ఆయన మీద జాలి వేసింది. ఒకే సంచిలో రెండు పాస్‌పోర్టులు చిక్కుకున్నాయి. ఆయనది ఆయన దేశం వారం తిరక్కుండా కొత్తది ఇచ్చేసింది. గంగన్నది ఆ బల్ల మీదే ఉంది.

నా తప్పు ఇక్కడ జరిగింది. ఎంబసీకి పోతా సారు, పోయిందని రాసిస్తే కొత్తది ఇస్తరట కదా అని గంగన్న తనంతట తానే వచ్చి అడిగాడు. నేను మేధావిని కదా.

"పోయిందని రాస్తే పాతది రద్దయిపోతుంది గంగన్నా," అన్నాను. "రేపు ఆయన తెచ్చి చేతిలో పెట్టినా చిత్తుకాగితమే. వీసా గొడవంతా మళ్లీ మొదటికొస్తుంది. రెండు వారాలు ఓపిక పట్టు. టికెట్టు తారీఖు మార్పిద్దాం."

ఆయన తలూపి వెళ్లిపోయాడు. నా మాట అంటే ఆయనకి కఫీల్ చేతిలో పాస్‌పోర్టు లాంటిదే.

ఆ ఊరికి ఎదురుగా ఉన్న కొండ మీద ఎవరో కెమెరా పెట్టారు. రోజంతా లైవ్ వస్తుంది. కళ ఆ లింకు పంపితే గంగన్న ఫోనుని నీళ్ల కొళాయికి ఆనించి, మొక్కలకి నీళ్లు పడుతూ చూసేవాడు. ఐనార్ పంపిన ఫొటోతో పోల్చుకుని ఇల్లు కనుక్కున్నాడు. రేవు నుంచి మూడో వరుస, ఎర్ర కప్పు, పక్కన తెల్ల గోడ. డిసెంబరులో మధ్యాహ్నం ఒంటిగంటకి ఇక్కడ ఎండ కొడుతుంటే అక్కడ పొద్దున్న పది, ఇంకా చిమ్మచీకటి. పదకొండు దాటాక సూర్యుడొచ్చి మూడున్నరకి వెళ్లిపోతాడు. ఖాళీ ఊళ్లో వీధి దీపాలు మాత్రం వెలిగేవి. మనుషులు లేని ఊరికి కరెంటు ఎందుకిస్తున్నరు సారు అని అడిగాడు. ఆ మర్యాద నాకూ కొత్తే.

శుక్రవారం మధ్యాహ్నాలు ఆయన నా ఆఫీసు బెంచీ మీద కూచుని ఇంటికి వీడియో కాల్ చేసేవాడు, నా వైఫై మీద. ముత్తెమ్మ ముందు ఆయన్ని పరీక్ష చేసేది. కాలరు మాసింది, చెంపలు లోపలికి పోయినయ్, నిద్రపోతలేవా. ఫోను ఇట్ల పట్టుకో, ఇంకింత దూరం, మొఖానికి సక్కగ, అని నేర్పింది. అలా పట్టుకుంటేనే ఆ గొట్టంలో పడతాడట. ఆయన చెయ్యి చాచి, భుజం నొప్పి పుట్టే దాకా అలాగే పట్టుకునేవాడు. డిసెంబరు నుంచి గడ్డం పెంచడం మొదలెట్టాడు. పాస్‌పోర్టు చేతికొచ్చిందాక కత్తి ముట్టనని నాతో అన్నాడు. దేవుడి మొక్కు కాదు, ఉత్త మొండితనం. ముత్తెమ్మకి అది అస్సలు గిట్టలేదు.

"ఎవరో సచ్చినట్టు ఆ గడ్డమేంది? తీసెయ్," అనేది, ప్రతి శుక్రవారం, కాల్ మొదట్లోనే.

డిసెంబరు పద్దెనిమిదిన భూమి పేలింది, కానీ ఊరికి దూరంగా. జనాన్ని మళ్లీ రానిచ్చారు, ఆ వీధిని తప్ప. వచ్చే వారం, వచ్చే వారం అంటూ వచ్చాడు ఐనార్. ఆ వచ్చే వారం రాకముందే, జనవరి పద్నాలుగున, ఊరి అంచునే నేల నోరు తెరిచింది. గంగన్న చేతిలో పైపు పారేసి, ఫోను పట్టుకుని, చెప్పుల్లేకుండా నా ఆఫీసుకి పరిగెత్తుకొచ్చాడు. లోపల ఇద్దరు ఫిలిప్పీన్స్ అమ్మాయిలు ఫారాలు నింపుకుంటున్నారు. వాళ్లూ లేచొచ్చి చూశారు. పట్టపగలు మంచు మీద ఎర్రటి మడుగు మెల్లగా పాకుతోంది. ఊరి చివర మొదటి ఇల్లు అంటుకుంది. తర్వాత రెండోది. మూడోది.

గంగన్న రేవు వైపు నుంచి వరుసలు లెక్కపెడుతున్నాడు. మా వరుస దూరమున్నది సారు, దూరమున్నది, అని అదే మాట. మా వరుస అన్నాడు. ఎర్ర కప్పు సాయంత్రం దాకా అలాగే నిలబడింది. మర్నాటికి లావా ఆగింది. ఎవరిదో ఇల్లు మిగిలినందుకు ఒక మగాడు గుక్కపెట్టి ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత నుంచి కథ దిగజారడమే. నేల ఎక్కడ డొల్లగా ఉందో తెలియదని ఊరంతటికీ తాళం పడింది. ఫిబ్రవరిలో గంగన్న వీసా గడువు తీరింది. పొడిగించడానికి పాస్‌పోర్టు కావాలి, కఫీల్ కావాలి. రెండూ ఐస్‌లాండ్‌లో ఉన్నాయి. అదే నెల అక్కడ ఇళ్లని వెచ్చగా ఉంచే వేడినీళ్ల గొట్టాన్ని లావా తెంపేసి, ఆ చుట్టుపక్కల ఇళ్లన్నీ గడ్డకట్టాయి. ఐనార్ తల్లికి జబ్బు చేసింది. ఆవిడని వదిలి రాలేనని ఆయన ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా పంపాడు.

నాకప్పుడు భయం పట్టుకుంది. మార్చిలో గంగన్నని కూచోబెట్టి, ఇంక చాలు, ఎంబసీకి పోదాం అన్నాను. ముందు పోలీసు రిపోర్టు కావాలి. బస్సులో పడిపోయిందని రాశాను. టైపు చేసి, అచ్చు తీసి, పెన్ను చేతికిచ్చాను.

ఆయన కాగితం చూశాడు, సంతకం పెట్టలేదు. "అది పోలే, సారు. వంటింట్ల బల్ల మీదున్నది. ఉన్నదాన్ని పోయిందని ఎట్ల రాసిస్త?"

నిజమే రాద్దామా అంటే అదీ కుదరదు. ఎవరి దగ్గరుందని పోలీసులు అడుగుతారు. పాస్‌పోర్టు తీసుకున్నాడని ఐనార్ మీద కేసవుతుంది. వద్దన్నా వినకుండా నేనే ఇచ్చి, ఇప్పుడు ఆయన మీదనే కేసు పెట్టాల్నా అన్నాడు గంగన్న. పైగా వీసా లేని మనిషి పోలీసు స్టేషన్ మెట్లెక్కితే మళ్లీ దిగుతాడా అన్న భయమూ ఉంది. లోపల ఇంకొకటి కూడా ఉంది. మొదట్లో ఆగమని చెప్పింది నేనే. ఆ మాటని ఆయన గుండెకి కట్టుకుని కూచున్నాడు. నేను ఆ రోజు ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. మొండోడివన్నాను, పెళ్లాం కళ్లు నీకు అక్కర్లేదా అన్నాను. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. ఆయన లేచి, గుమ్మం దగ్గర చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ కాగితాన్ని నా సొరుగులో పెట్టుకున్నాను.

విల్లాని ఐనార్ కంపెనీ జూన్‌లో ఖాళీ చేసింది. గంగన్న మామీర్ అనే పేటలో తన ఊరివాడు లింగన్న గదికి మారాడు. గదిలో ఏడుగురు, ఈయన ఎనిమిది. పొద్దున్నే ఎవరో ఒకరి పికప్ వెనక కూచుని రిఫా వచ్చి, దొరికిన తోటల్లో పని చేసేవాడు. వీసా చెకింగ్ ఉందంటే గోడ పక్కన నక్కేవాడు. మూడేళ్లు పెంచిన కాగితంపూల చెట్టుని విల్లాకి కొత్తగా వచ్చినవాళ్లు కొట్టించేశారు. అది చెప్తూ, మంచిదే సారు, కారుకు అడ్డమున్నదట, అన్నాడు.

ఆ జూన్‌లో ఐస్‌లాండ్ వాళ్లు కొత్త అధ్యక్షురాలిని ఎన్నుకున్నారు. గంగన్న నన్ను అడిగింది ఒకటే, ఆమె వస్తే ఆ వీధి కంచె తీపిస్తదా అని. తర్వాత వాళ్ల జాతీయ పండగ. ఐనార్ ఫొటో పంపాడు. చక్రాల కుర్చీలో తల్లి, ఒడిలో పిల్లి, చేతిలో చిన్న జెండా. అక్కడ ఆ రోజుల్లో చీకటే పడదట. అర్ధరాత్రి కూడా కెమెరాలో ఆ ఎర్ర కప్పు మెరుస్తూ కనబడుతుంది. ఆ సంగతి గంగన్న ముత్తెమ్మకి చెప్పాడు. మొన్నటిదాకా పొద్దే లేని చోటు, ఇప్పుడు రాత్రే లేదని.

"వాళ్లే నయం," అంది ముత్తెమ్మ, మామూలుగానే. "ఎంత చీకటైనా వాళ్లకు మల్ల ఎల్తురు అస్తది."

ఆయన ఫోను పట్టుకున్న చెయ్యి కొంచెం వంగింది. సక్కగ పట్టుకో అని ఆవిడ వెంటనే గుర్తు చేసింది.

ఆగస్టులో కళ నాకు విడిగా ఫోను చేసింది. అమ్మకు చూపు బాగ తక్కువైంది, అప్పాజీ సారూ, నాయినను జల్ది పంపియ్యరా అంది. ఎండ భగభగమంటోంది. మధ్యాహ్నం బయట పని బంద్ కాబట్టి గంగన్న నా ఆఫీసులోనే ఉన్నాడు. అంతా విని, ఆ కాగితం ఇయ్యి సారు, సంతకం పెడ్త, అన్నాడు. సొరుగులోంచి తీసి బల్ల మీద పెట్టాను. తారీఖు మార్చి మళ్లీ అచ్చు తీయాలి.

సరిగ్గా అప్పుడే మెయిలొచ్చింది. అక్కడి ప్రభుత్వం ఆ ఊరి ఇళ్లన్నీ కొనేస్తోంది. ఐనార్ తల్లి కూడా అమ్మేసింది. ఈ నెలాఖరున ఇల్లు అప్పజెప్పాలి, సామాను తీసుకోవడానికి ఆ వీధిలోకి మొదటిసారి పోనిస్తారు, సంచి నా చేతికొచ్చిన రోజే కొరియర్ చేస్తాను అని రాశాడు.

నేను గంగన్న మొహంలోకి చూశాను. ఆయన నా మొహంలోకి చూశాడు. ఇప్పుడు రద్దు చేయించడమెందుకు, రెండు వారాల్లో అసలుదే వచ్చేస్తుంది కదా అన్నాను. నా నోటితో నేనే. పోయిన నవంబరులో అన్న మాటే, అక్షరం పొల్లుపోకుండా. ఆయన మొహం వెలిగిపోయింది. అబద్ధం రాయాల్సిన పని తప్పిందని సంతోషించాడు. కాగితం మళ్లీ సొరుగులోకి వెళ్లింది.

ఆగస్టు ఇరవై రెండున భూమి మళ్లీ పేలింది. ఇల్లు అప్పజెప్పడం వాయిదా. అది చల్లారడానికి రెండు వారాలు, ఆ తర్వాత పరీక్షలు, కంచెలు, అనుమతులు. అది చూస్తూ కూచునే బదులు సెప్టెంబరులో నేనే ఆయన్ని ఈడ్చుకుపోయుంటే కొత్త పాస్‌పోర్టు ఎప్పుడో వచ్చుండేది. ఎందుకు ఈడ్చుకుపోలేదని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. రేపో ఎల్లుండో వస్తుందనే ఆశని చేత్తో పట్టుకుని కూచోవడం ఒక జబ్బు. ఆ జబ్బు ఆయన నుంచి నాకు అంటుకుందో, నా నుంచి ఆయనకో తెలీదు.

శుక్రవారం కాల్స్ మాత్రం ఆగలేదు. ముత్తెమ్మ అలాగే మాట్లాడేది. చెంపలు పోయినయ్, నిద్ర లేదు, గడ్డం తీసెయ్. మాట ఎంత గట్టిగా ఉండేదంటే, డాక్టర్లు కొంచెం ఎక్కువ భయపెట్టారేమోనని నేను కూడా అనుకున్నాను. గంగన్న అయితే, ఇంక చూపు ఉన్నది సారు, చూసినవా ఎట్ల తిడుతున్నదో, అని మురిసిపోయేవాడు.

అక్టోబరు చివర ఆ ఊరి రోడ్లు తెరిచారు. నవంబరు మొదటి వారంలో ఐనార్ ఆ వంటింట్లోకి అడుగుపెట్టి, ఫొటో తీసి పంపాడు. బల్ల మీద బ్యాగు, పక్కన ఒక కాఫీ కప్పు, ఏడాది కింద పెట్టింది పెట్టినట్టే. గోడ మీద పగులు నిలువునా పైదాకా పోయింది. ఆ ఫొటో గంగన్న చాలాసేపు చూశాడు. బల్ల మంచి కట్టెతోని చేసిన్రు అన్నాడు.

నవంబరు ఇరవైన, బుధవారం, కొరియర్ నా ఆఫీసుకొచ్చింది. గంగన్నకి ఫోను చేస్తే శుక్రవారం వస్తానన్నాడు. అదే రోజు పొద్దుపోయాక అక్కడ భూమి మళ్లీ పేలిందని తర్వాత వార్తల్లో చూశాను. గంగన్న ఇంక ఆ కెమెరా తెరవలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన లోపలికొస్తే ముందు పోల్చుకోలేదు. గడ్డం నున్నగా గీయించుకుని, జుట్టు కత్తిరించుకుని, లింగన్న తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. పదేళ్లు తగ్గిపోయావు గంగన్నా అంటే సిగ్గుపడ్డాడు. పాస్‌పోర్టు తీసి చేతిలో పెట్టాను. తెరిచి ఫొటో చూసి, మూసి, కళ్లకద్దుకున్నాడు. కంప్యూటర్లో దరఖాస్తు నేను ముందే తెరిచి పెట్టుంచాను. గడువు దాటి ఉన్నవాళ్లు ఊరికి వెళ్లిపోవడానికి పెట్టుకునేది. అన్నీ నింపాను, ప్రయాణం తారీఖు ఒక్కటే మిగిలింది. ముందు ముత్తెమ్మకు చూపిస్త సారు, తర్వాత ఎయ్యి, అన్నాడు.

బెంచీ మీద కూచుని కాల్ కలిపాడు. చెయ్యి చాచి, ముత్తెమ్మ నేర్పినంత దూరంలో, మొహానికి చక్కగా పట్టుకున్నాడు. ఏమీ మాట్లాడలేదు. ఆవిడ చూసి నవ్వుతుందని నవ్వుమొహం పెట్టి ఎదురుచూస్తున్నాడు. నేను కూడా కుర్చీలోంచి కొంచెం వంగి చూస్తున్నాను. తెర మీద ముత్తెమ్మ వచ్చింది. వెనకాల భుజం పక్కన కళ.

"ఇంక తియ్యలేదా ఆ గడ్డం?" అంది ముత్తెమ్మ. "ఎవరో సచ్చినట్టు ఎన్ని దినాలు పెంచుతవ్? తీసెయ్."

కళ నోరు తెరిచింది. గంగన్న ఎడమచేత్తో, కళకి కనబడేలా, వద్దన్నట్టు వేలు అడ్డం ఊపాడు. కళ తల పక్కకి తిప్పేసుకుంది.

"తీస్త," అన్నాడు ఆయన. "అచ్చినంక నీ ముందట్నే తీపిచ్చుకుంట."

తిన్నావా అని అడిగింది ఆవిడ. తిన్నానన్నాడు. పాస్‌పోర్టు వచ్చిందని చెప్పాడు. మంచిదాయె, ఇట్ల పెట్టు చూస్త అంది. ఆయన పాస్‌పోర్టు తెరిచి, ఫొటో ఉన్న పేజీ, తెర ముందు చక్కగా పట్టుకున్నాడు. ఫొటోల మంచిగున్నవ్ అంది ముత్తెమ్మ. ఇంకో రెండు మాటలు మాట్లాడి ఫోను పెట్టేశాడు.

ఆయన అరచేత్తో నున్నటి చెంపని రుద్దుకుంటున్నాడు.

"ఎప్పటి సంది కనవడ్తలేదో, సారు," అన్నాడు. "నేనేమో ఫోను సక్కగ పట్టుకుంటున్న."

తప్పు నాది గంగన్నా అని అందామనుకున్నాను. ఇన్నేళ్లు ఇంకొకళ్ల తప్పులు ఎంచిన నోటికి ఆ మూడు మాటలు రాలేదు. కంప్యూటర్ వైపు తిరిగి, తారీఖు వెయ్యాలి, తొందరగా పడేదే చూస్తాను, ఏది వెయ్యమంటావు అని మాత్రం అడిగాను.

ఆయన లేచి వచ్చి, పాస్‌పోర్టు రెండు చేతులతో నాకు అందించాడు.

"ఏ తారీఖైన ఎయ్యి, సారు. అందాక ఇది నీ దగ్గర్నే ఉండనియ్యి."

ఈసారి నేను తిట్టలేదు. తీసుకుని సొరుగు లాగాను. లోపల బస్సులో పడిపోయిందని రాసిన ఆ కాగితం ఇంకా ఉంది. పాస్‌పోర్టు దాని మీద పెట్టి సొరుగు మూశాను.